పరీక్ష ఉన్న బడి, పరీక్ష ఊసులేని బడి

దసరా సెలవులు దగ్గరపడగానే తల్లిదండ్రులు బడిగుమ్మం దగ్గర నిలబడి అడిగేది ఒక్కటే: ఈ టర్ములో మావాడు ఏం నేర్చుకున్నాడండీ? ఎఫ్‌ఏ వన్‌లో ఇన్ని, ఎఫ్‌ఏ టూలో ఇన్ని, గ్రేడు ఫలానా అని బడి చెబుతుంది. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేసి ఎవరి దారిన వాళ్లు పోతారు.

ఆ ప్రశ్నను నిజంగా పట్టించుకున్న రెండు పుస్తకాలు తెలుగులో దొరుకుతున్నాయి. ఒకటి గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’. 1930ల మొదట్లో వచ్చింది. తెలుగులో దాని పేరు ‘పగటికల’. రెండోది తెత్సుకో కురొయనాగి జపనీస్‌లో రాసిన ‘టోటోచాన్’. ఒక మహిళల పత్రికలో ధారావాహికగా నడిచి, 1981లో పుస్తకమైంది. మనవాళ్లకు అది ‘రైలుబడి’. మొదటిదాన్ని ఉపాధ్యాయ శిక్షణలో చేరినవాళ్లు చదువుతారు, లేదా చదివామంటారు. రెండోదాన్ని అందరూ చదువుతారు. జపాన్‌లో 1982 ముగిసేలోపే 50 లక్షల ప్రతులు దాటిందంటే ఆ ఆదరణ ఎంతటిదో ఊహించుకోవచ్చు. మన దగ్గర కూడా పిల్లల చదువు గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడాలనుకున్న ఏ వక్తయినా రైలుబడి పేరెత్తకుండా వేదిక దిగడు. పగటికలకు ఆ భాగ్యం లేదు. ఈ తేడా నాకు సబబుగా అనిపించదు. ఎందుకో చెప్పాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

కురొయనాగి రాసింది తన బాల్యం. రాసినవన్నీ నిజంగా జరిగినవేనని ఆమె చెప్పుకుంది. బడి పేరు తొమోయె గకుయెన్. టోక్యోలో జియుగఓకా అనేచోట సొసాకు కొబయాషి 1937లో పెట్టిన ప్రైవేటు బడి. వాడకంలో లేని ఆరు రైలుపెట్టెలే తరగతి గదులు. పిల్లలంతా కలిపి 50 మంది. గిజుభాయి రాసింది మాత్రం కల్పన. తన అనుభవాలే ఆధారమైనా, కథలో మాస్టారు కల్పిత పాత్ర, బడి కల్పిత బడి. విచిత్రమేమంటే ఆ కల్పిత బడే మనకు బాగా తెలిసిన బడి. హెడ్‌మాస్టరున్నాడు, పైన అధికారి ఉన్నాడు, సిలబసుంది, పక్క గదిలో ఎగతాళి చేసే తోటి టీచర్లున్నారు, సంవత్సరాంతంలో పరీక్ష ఉంది. నిజంగా నడిచిన కొబయాషి బడిలో ఇవేవీ కథకు అడ్డం రావు.

పగటికల మొదలే ఒక బేరం. పిల్లలకు ఇలా కాదు, ఇంకోలా చెప్పాలి అని వాదించే ఒక చదువుకున్నాయన విద్యాధికారి దగ్గరికి వెళ్లి ప్రయోగానికి ఒక తరగతి ఇప్పించమంటాడు. అధికారి నాలుగో తరగతి ఇస్తాడు, ఒక ఏడాది గడువిస్తాడు, పరీక్షలో ఫలితం చూపించాలంటాడు. మాస్టారు రాత్రంతా పథకాలు వేసుకుని మర్నాడు ఉత్సాహంగా తరగతికి వెళ్తాడు. మాంటిసోరి పద్ధతిలో నిశ్శబ్దం ఆట ఆడించాలని ఆయన ఆలోచన. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటే చుట్టూ ఉన్న చిన్నచిన్న శబ్దాలు వాళ్ల చెవిన పడాలి. చెవిన పడ్డది మాత్రం పిల్లికూతలూ కాళ్ల చప్పుళ్లూ కేరింతలూ. ఆట కుదరలేదు సరికదా, తరగతి సంతయిపోయింది. ఏం చేయాలో తోచక పిల్లల్ని ఇంటికి పంపేస్తాడు. హెడ్‌మాస్టరు వచ్చి, నన్నడక్కుండా సెలవివ్వడానికి నువ్వెవరివని గద్దిస్తాడు.

మొదటిరోజే బోర్లా పడ్డ మాస్టారితో పుస్తకం మొదలుపెట్టడం గిజుభాయి చేసిన గొప్ప పని. టీచర్ల శిక్షణ పుస్తకాల్లో ఇలాంటి రోజు ఉండదు. వాటిలో కృత్యం ఇస్తే పిల్లలు చేస్తారు, ప్రశ్న వేస్తే చేతులెత్తుతారు. నలభైమంది పిల్లల ముందు మొదటిసారి నిలబడ్డ ఎవరికైనా ఆ పిల్లికూత జ్ఞాపకం ఉంటుంది.

మర్నాడు ఆ మాస్టారు పథకాలన్నీ పక్కనపెట్టి కథ చెబుతానంటాడు. ఒక రాజు, ఏడుగురు రాణులు, వాళ్లకు ఏడుగురేసి కొడుకులు, ఏడుగురేసి కూతుళ్లు... గది నిశ్శబ్దమైపోతుంది. నిన్న బతిమాలినా రానిది ఈరోజు అడక్కుండా వచ్చింది. మంచి పట్టు మీదున్నప్పుడు కథ ఆపి, ముందు హాజరు వేసుకుందామంటాడు. హాజరు పిలవడం ఎంత తేలికగా అయిపోతుందో! ఇక్కణ్నుంచి ఆయన అల్లుకుపోయే తీరు గమనించాలి. కథ వినాలంటే గోల తగ్గాలి, పైగా అది పిల్లల అవసరమే. ఒక కథ అయితే ఇంకొకటి కావాలి. చెప్పడానికి మాస్టారు ఒక్కడే, పుస్తకాల్లో మాత్రం బోలెడున్నాయి. కాబట్టి పుస్తకాలు కావాలి. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బు పోగుచేసి కథల పుస్తకాలు కొంటే తరగతికో గ్రంథాలయం తయారవుతుంది. అది చేతికందాక చదవడం దానంతటదే వస్తుంది. చరిత్ర కథలోంచి వస్తుంది, వ్యాకరణం ఆటలోంచి, మాట్లాడటం నాటకంలోంచి.

ఇదంతా చూసి తోటి టీచర్లు నవ్వుతారు. రోజూ కథలేనా, పాఠాలెప్పుడు అంటారు. తల్లిదండ్రులు సణుగుతారు. ఆ సణుగుడు మనకు కొత్తేమీ కాదు. మా పాపకు హోంవర్క్ ఇవ్వడంలేదు, ఏం బడండీ ఇది అని పేరెంట్స్ మీటింగులో లేచి అడిగే నాన్నలు మన ఊళ్లలో కొల్లలు. గిజుభాయి వాళ్లను దుర్మార్గులుగా చూపించడు, కూర్చోబెట్టి వాదిస్తాడు. ఆయన ఒకప్పుడు వకీలు. తూర్పు ఆఫ్రికాకు వెళ్లొచ్చి ప్రాక్టీసు చేసినవాడు. 1913లో కొడుకు పుట్టాక వాడి పెంపకం గురించి ఆలోచిస్తూ మాంటిసోరి రచనల దాకా వెళ్లాడు. వకీలుబుద్ధి పుస్తకం నిండా ఉంది. పుస్తకంలో సగం సంభాషణలే. అవతలివాడి అభ్యంతరాన్ని ముందు గట్టిగా చెప్పనిస్తాడు, ఆ తర్వాత ఒక్కొక్కటే విప్పుతాడు.

వకీలుబుద్ధి వల్ల నష్టమూ ఉంది. కేసు గెలవాలి కాబట్టి మొదటిరోజు తర్వాత మాస్టారు ఎక్కడా పెద్దగా ఓడిపోడు. గోళ్లు, జుట్టు, మురికి టోపీల గురించి ఆయన పెట్టే శుభ్రత తనిఖీలు కొంచెం చాదస్తంగా తోస్తాయి. సబ్బు కొనే స్తోమత అందరి ఇళ్లలో ఉందా అన్న ప్రశ్నను ఆయన తేలిగ్గా దాటేశాడనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, పుస్తకం మూశాక ఒక్క పిల్లవాడి ముఖమూ మనసులో మిగలదు. తరగతి గుర్తుంటుంది, పిల్లలు గుర్తుండరు.

రైలుబడి బలమంతా సరిగ్గా ఇక్కడుంది. దాన్ని చదివినవాళ్లు టోటోచాన్‌ను, అంటే చిన్ననాటి కురొయనాగిని, మరిచిపోలేరు. ఒకటో తరగతిలోనే పాత బడి ఆమెను వెళ్లగొట్టింది. బల్లమూత మాటిమాటికీ తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధి వాయిద్యగాళ్లను పిలవడం, పిచ్చుకలతో కబుర్లాడటం, ఇవీ ఆమె నేరాలు. వెళ్లగొట్టిన సంగతి అమ్మ ఆమెకు ఇరవై ఏళ్లు నిండేదాకా చెప్పలేదు. కొత్త బడిలో హెడ్‌మాస్టరు కొబయాషి అమ్మను పంపేసి ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పు అంటాడు. ఆమె నాలుగు గంటలు మాట్లాడింది. ఆయన ఆవలించకుండా విన్నాడు. ప్రవేశపరీక్ష అంటే అదే. పోలియో వచ్చిన యసుఅకి, ఎత్తు ఎదగని తకహాషి, వీళ్లిద్దరూ మనకు ఇరుగుపొరుగు పిల్లలంత దగ్గరైపోతారు.

మరి ఆ బడిలో వాళ్లు ఏం నేర్చుకున్నారు? పొద్దున్నే టీచరు ఆ రోజు చేయాల్సిన పనంతా అన్ని సబ్జెక్టులదీ బోర్డు మీద రాస్తుంది. ఎవరికిష్టమైనది వాళ్లు ముందు మొదలుపెట్టవచ్చు. ఒకడు వ్యాసం రాసుకుంటుంటే వాడి వెనకే ఇంకొకడు స్పిరిట్ దీపం మీద ఏదో మరిగిస్తుంటాడు. ఎవరికి ఏది ఇష్టం, ఎవరు దేన్ని చివరిదాకా వాయిదా వేస్తున్నారు అనేది టీచరుకు అడక్కుండానే తెలిసిపోతుంది. పని త్వరగా అయిపోతే మధ్యాహ్నం కుహొన్‌బుత్సు గుడిదాకా నడక. దారిలో పసుపుపూల చేను దగ్గర ఆగి, టీచరు కేసరాలు, అండకోశం, సీతాకోకచిలుకలు చేసే సాయం గురించి చెబుతుంది. పిల్లలేమో షికారుకొచ్చామనుకుంటారు. ఇంకొక రోజు పొలంలో పనిచేసుకునే రైతును కొబయాషి తీసుకొచ్చి, ఈయనే ఇవాళ్టి మాస్టారు అని పరిచయం చేస్తాడు. ఆయన తాను మాస్టారును కాదు, రైతునంటాడు. వ్యవసాయం నేర్పితే వ్యవసాయపు మాస్టారే కదా అని కొబయాషి వాదన. పిల్లలు పారలు, గునపాలు పట్టుకుని బయలుదేరతారు. కలుపుమొక్క పంట తిండిని ఎలా లాక్కుంటుందో, పురుగులకు ఎలా నీడనిస్తుందో ఆయన చేత్తో పీకి చూపిస్తూ చెబుతాడు. ఈ అధ్యాయం ఆ తర్వాత జపాన్‌లో మూడో తరగతి వాచకానికెక్కింది. పొలంలో నేర్చుకున్న పాఠం చివరికి నాలుగు గోడల మధ్య ప్రశ్న-జవాబుగా మారిందన్నమాట! పాఠ్యపుస్తకం దేన్నయినా మింగేయగలదు.

ఈ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివినా నన్ను ఆపేది మాత్రం వేరే చోటు. టీచరొకామె పాఠం చెబుతూ పూర్వం మనుషులకు తోకలుండేవని, దాని గుర్తు వెన్నెముక చివర ఇంకా మిగిలి ఉందని చెప్పి, నవ్వులాటకు తకహాషి వైపు తిరిగి నీకింకా తోక లేదు కదా అంటుంది. వాడు లేచి నిలబడి, లేదని గంభీరంగా జవాబిస్తాడు. అంతే, పాఠం ముందుకు సాగిపోతుంది. ఆ సాయంత్రం కొబయాషి వంటింట్లో ఆ టీచరును మందలించడం టోటోచాన్ చెవిన పడుతుంది. పిల్లల ముందు కాదు, మిగతా టీచర్ల ముందు కూడా కాదు. ఆ పిల్లవాడికి తన శరీరం గురించి న్యూనత కలగకూడదని నేనెంత జాగ్రత్త పడుతున్నానో నీకు తెలియదా అని ఆయన బాధ. ఆ బడిలో ఆటలపోటీలు కూడా పొట్టి కాళ్లవాడు గెలిచేలా కూర్చినవే. ఒక్క చమత్కారం దాన్నంతా చెరిపేయగలదు. ఆమె ఏడుస్తుంది. పుస్తకం మొత్తంలో ఒక టీచరు తప్పుచేసి నేర్చుకునే ఘట్టం నాకు గుర్తున్నంతలో ఇదొక్కటే. పగటికల అంతా టీచరు నేర్చుకోవడమే. రైలుబడిలో నేర్చుకునేవాళ్లు పిల్లలు. వాళ్ల టీచర్ల పేర్లు కూడా మనకు సరిగా గుర్తుండవు.

కాబట్టి ఒకటి టీచరు కుర్చీలోంచి రాసింది, ఇంకొకటి పిల్ల బల్ల మీదనుంచి రాసింది. ఈ మాటతో ఆగిపోతే రెండూ మంచివే అని చెప్పి లేచిపోవచ్చు. నేను అక్కడ ఆగదలుచుకోలేదు.

టోటోచాన్‌కు లెక్కలు ఎలా వచ్చాయో రైలుబడిలో ఉండదు. లెక్కల్ని రోజూ చివరికి నెట్టేసే పిల్లవాడిని టీచరు ఎలా దారికి తెచ్చిందో ఉండదు. ఏడేళ్ల పిల్ల జ్ఞాపకంలో అవి నిలవవు, అది ఆమె తప్పు కాదు. కానీ పుస్తకం చదివి ఉప్పొంగిపోయి మర్నాడు తరగతికి వెళ్లిన మండల పరిషత్ పాఠశాల టీచరుకు చేతిలో ఏం మిగులుతుంది? సముద్రం నుంచి కొంత, కొండల నుంచి కొంత ఉండాలని కొబయాషి పిల్లల లంచ్ డబ్బాలకు పెట్టిన ముచ్చటైన నియమం ఉంది. మధ్యాహ్న భోజనంలో మెనూ పైనుంచి వస్తుంది. ఇష్టమైన సబ్జెక్టుతో మొదలుపెట్టే స్వేచ్ఛ ఉంది. ఐదు తరగతులకు ఒకే టీచరు ఉన్న బడిలో ఎవరు ఏది మొదలుపెట్టినా ఆ టీచరుకు ఉన్నవి రెండు కళ్లే. కొబయాషి మీద అజమాయిషీ చేసే అధికారి పుస్తకంలో కనిపించడు. బడి ఆయనది. పిల్లల్లో చాలామంది చదువుకున్న, కలిగిన ఇళ్లవాళ్లు. టోటోచాన్ నాన్న పేరున్న వయొలిన్ విద్వాంసుడు. ఇదంతా కొబయాషి ఔన్నత్యాన్ని ఏమీ తగ్గించదు. యుద్ధకాలపు జపాన్‌లో, పిల్లల్ని సైనిక క్రమశిక్షణలోకి నడిపిస్తున్న రోజుల్లో, ఆ బడిని నడపడమే సాహసం. 1945లో బాంబుదాడిలో అది కాలిపోతుంటే ఆయన మంటల్ని చూస్తూ కొడుకుతో, ఈసారి ఎలాంటి బడి కడదామని అడిగాడట. అలాంటి మనిషిని ఆరాధించకుండా ఉండటం కష్టం. ఆరాధించడం దగ్గరే ఆగిపోతున్నామన్నదే నా గొడవ.

ఆరాధన ఎక్కడిదాకా వెళ్లిందంటే, దేశంలో చాలాచోట్ల, మన రెండు రాష్ట్రాల్లోనూ, బడి గోడలకు రైలుపెట్టెల రంగులు వేశారు. కిటికీలు, తలుపులు, చక్రాలు అన్నీ అచ్చు రైలే. చూడటానికి బాగుంటాయి, పిల్లలకూ సరదా. లోపల మాత్రం అదే వర్క్‌బుక్కు, అదే ఎఫ్‌ఏ.

గిజుభాయి సంగతి ఇక్కడ మళ్లీ తలుచుకోవాలి. ఆయనకు కూడా ఒక రైలుబడి ఉండేది. భావనగర్‌లో దక్షిణామూర్తి సంస్థలో 1920లో బాలమందిరం మొదలుపెట్టాడు. తన పద్ధతి, తన పిల్లలు, తనను నమ్మిన సంస్థ. జనం ఆయన్ను మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. ఆ బాలమందిరం ముచ్చట్లే రాసి ఉంటే మనకు యాభై ఏళ్ల ముందే ఇంకో టోటోచాన్ దొరికేది. ఆయన అలా చేయలేదు. కథను తన బడిలోంచి తీసి మామూలు సర్కారు బడిలో పెట్టాడు. నీ బడి కాబట్టి నీకు సాగింది, మా బడిలో చేసి చూపించు అనే టీచరు మాటను ఆయన ముందే విన్నట్టున్నాడు. అందుకే సిలబస్‌ను, హెడ్‌మాస్టరును, పరీక్షను కథలోంచి తీసెయ్యలేదు. పుస్తకంలో మూడో భాగమంతా టర్ము చివర ఏం తేలిందన్న లెక్కే. వ్యవస్థ మారాక చూద్దాం అనడు. ఉన్న వ్యవస్థలో, ఉన్న గదిలో, ఈ ఏడాదే ఏం చేయొచ్చో చూపిస్తాడు. ఆ పట్టుదల ముందు శుభ్రత చాదస్తాలు, ముఖాల్లేని పిల్లలు చిన్న లోపాలే.

మన దగ్గర కాగితం మీద గిజుభాయి ఎప్పుడో గెలిచాడు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చదివితే, చదువు కృత్యాలతో, అన్వేషణతో సాగాలని, పిల్లల్లో భయం, ఆందోళన ఉండకూడదని రాసి ఉంది. అదే చట్టం కొట్టడాన్ని నిషేధించింది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పక్కాగా రావాలని పెట్టుకున్న కార్యక్రమం. దేశవ్యాప్తంగా నిపుణ్ భారత్ లక్ష్యమూ దాదాపు అదే. ఉద్దేశాల్లో తప్పు పట్టేదేమీ లేదు. కానీ స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో టీచరు చేతికి వచ్చేసరికి అవి నింపాల్సిన ఫార్మాట్లవుతున్నాయి. ఏ వారం ఏ పాఠం, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారు, ఫొటో ఎప్పుడు అప్‌లోడ్ చేయాలి. పదిరోజులు కథలు చెప్పి ఆ తర్వాత చదివిస్తాను అని ఒక టీచరు అంటే, ఆ పదిరోజులకు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

పగటికలలో నన్ను ఆకట్టుకునే పాత్ర మాస్టారు కాదు, మొదట్లో కనిపించిన ఆ విద్యాధికారి. ఆయనకు ఈ కొత్త పద్ధతి మీద పెద్ద నమ్మకమేమీ లేదు. అనుమానమే ఎక్కువ. అయినా ఒక తరగతి ఇచ్చాడు, ఏడాది ఆగాడు, మధ్యమధ్య వచ్చి చూశాడు, మొదటిరోజు గోల చూసి రద్దు చేయలేదు. మాస్టారి విజయంలో సగం ఈయన ఓపికదే. విమర్శకులెవరూ ఈ పాత్రను పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. టీచర్లను ఉద్దేశించి రాసిన పుస్తకం కాబట్టి అందరి చూపూ మాస్టారి మీదే పోయింది.

కాబట్టి నా తీర్పు ఇది. రైలుబడి గొప్ప సాహిత్యం, పగటికల గొప్ప ఉపయోగం. బిడ్డను బడిలో వేయబోయే తల్లిదండ్రులు మొదటిది చదవాలి. నాలుగు గంటలు వినడమంటే ఏమిటో వాళ్లకు తెలియాలి. టీచర్లకు రెండోదే అక్కరకొస్తుంది, ముఖ్యంగా ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. అందరికన్నా ముందు దాన్ని చదవాల్సింది మాత్రం ఎంఈఓలు, డీఈఓలు. ఓ అయ్యల్లారా, అమ్మల్లారా, మీ మండలంలో చేస్తానని ముందుకొచ్చే టీచరు ఒక్కరైనా ఉండే ఉంటారు. వచ్చే జూన్‌లో వాళ్లకు ఒక తరగతి, ఒక ఏడాది గడువు ఇవ్వండి. ఆ ఏడాది ఫార్మాట్లు అడక్కండి. టర్ముకొకసారి మీరే వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి.